కిల్ట్: కట్టుకుంటారా, తొడుక్కుంటారా?

అందరికీ నమస్కారం. నేను స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరోలో ఉంటాను. కిల్ట్ అంటే ఇక్కడి మగవాళ్ళ సంప్రదాయ దుస్తు, చూడ్డానికి గళ్ళ లంగాలా ఉంటుంది. ఆఫీసు స్నేహితుడి పెళ్ళికి మగవాళ్ళంతా కిల్ట్‌లో రావాలన్నారు. అద్దెకి దొరుకుతాయి గానీ ముచ్చటపడి కుట్టించుకున్నాను. ఫొటో ఇక్కడ పెట్టాను. అదే పంపితే అమ్మ "ఏం కట్టుకున్నావురా అది?" అంది. "కట్టుకోలేదమ్మా, వేసుకున్నా" అన్నాను. అన్నాక నాకే అనుమానం వచ్చింది. పంచె కట్టుకుంటాం, చొక్కా తొడుక్కుంటాం, తలపాగా చుట్టుకుంటాం, శాలువా కప్పుకుంటాం. మరి కిల్ట్‌ని ఏం చేస్తాం?

చూడనివాళ్ళ కోసం కాస్త వివరం. పెద్దవాళ్ళ కిల్ట్‌కి మామూలుగా 8 గజాల ఉన్నిబట్ట పడుతుంది. మా నాయనమ్మ మడిచీరకి ఒక్క గజమే తక్కువ! బట్టంతా వెనక కుచ్చిళ్ళలోకి పోతుంది, ముందువైపు మాత్రం సాపుగా ఉంటుంది. నడుం కొలత ప్యాంటుకి తీసే చోట తీయరు, ఇంకా పైన, బొడ్డు దగ్గర తీస్తారు. పొడవు మోకాలి చిప్ప దాకా. మోకాళ్ళ మీద కూర్చోబెట్టి, అంచు నేలకి ఆనీ ఆనకుండా ఉందో లేదో చూశారు. తర్వాత కుచ్చిళ్ళు ఎలా పెట్టాలని అడిగారు. మడతలు పడ్డా వెనక గళ్ళు చెదరకుండా కుట్టడం ఒక పద్ధతి. ప్రతి మడత మీదా ఒకే గీత నిలువుగా కనబడేలా కుట్టడం ఇంకోటి, అది ఎక్కువగా సైనికుల కిల్టుల్లో కనిపిస్తుంది. నేను మొదటిదే అన్నాను.

ఇంటిపేరు కూడా అడిగారు, ఏ వంశం గళ్ళు కావాలో తెలియాలిగా. మన ఇంటిపేరుకి అక్కడేం దొరుకుతుంది? వంశంతో పని లేకుండా ఎవరైనా ధరించే 'బ్లాక్ వాచ్' తీసుకున్నాను. ముదురు నీలం, ఆకుపచ్చ, నలుపు. అసలు ఒక్కో వంశానికి ఒక్కో గళ్ళ వరస అని ఖాయం చేసుకోవడం చాలావరకు 19వ శతాబ్దపు ముచ్చటే. 1822లో నాలుగో జార్జి రాజు ఎడిన్‌బరో వచ్చినప్పుడు ఆ మోజు బాగా పెరిగింది.

తెనాలి నుంచి: కుట్టిన బట్ట కదా బాబూ, కట్టుకోవడం ఎక్కడిది? తొడుక్కోవడమే. పంచెకి కుట్టు ఉండదు, అందుకే కడతాం.

వరంగల్ నుంచి: గట్లైతే లంగాకు కుట్టు లేదా? అయినా మా అమ్మ 'లంగ కట్టుకో' అనే అంటది. అంగి తొడుక్కుంటం, లుంగి కట్టుకుంటం. కుట్టుతోని సంబంధం లేదు.

తెనాలి నుంచి: లంగాకి బొందు ఉంది, కడతాం. దీనికేముంది, తోలుపట్టీ, బకిలీ.

వరంగల్ నుంచి: పైజామకు సుత బొందు ఉంటది గద సార్. పైజామ కట్టుకుంటరా?

రాజమండ్రి నుంచి (తెలుగు మాస్టారు, విశ్రాంతం): వరంగల్ వారి ప్రశ్నలోనే జవాబు ఉంది. 'తొడుగు' అంటే ఒంట్లో ఒక భాగాన్ని ఆ వస్తువులోకి దూర్చడం. గాజులు తొడుగుతాం, ఉంగరం తొడుగుతాం, చెప్పులు తొడుక్కుంటాం. పైజామాలో కాళ్ళు దూరుస్తాం కనుక బొందు ఉన్నా తొడుక్కోవడమే. చుట్టూ తిప్పి బిగించేది 'కట్టు'. గజ్జెలకి తోలుపట్టీ, బకిలీ ఉన్నా గజ్జె కట్టడమనే అంటాం. మరి కిల్ట్‌లో కాళ్ళు దూరుస్తారా, చుట్టుకుంటారా? అడిగినవారు చెప్పాలి.

ఎడిన్‌బరో నుంచి: చుట్టుకోవడమే మాస్టారూ. బల్ల మీద పరిస్తే పొడవాటి పలక. లోపలి చెరగు ఎడమవైపుకి తెచ్చి, దాని పట్టీని నడుం దగ్గరున్న చీలికలోంచి బయటికి లాగి బిగిస్తాం. పైచెరగుని కుడివైపుకి తెచ్చి అక్కడ బిగిస్తాం. పిన్ను పైచెరగుకే గుచ్చాలి, రెండూ కలిపి గుచ్చకూడదు. మొదటిరోజు నేను కుచ్చిళ్ళు ముందుకి పెట్టుకున్నాను, నాన్న పంచెకట్టు చూసిన అలవాటు!

రాజమండ్రి నుంచి: అయితే కట్టుకోవడమే. ఇంకో సాక్ష్యం. 'కిల్ట్' అనే మాట స్కాండినేవియా భాషల నుంచి వచ్చింది. డేనిష్‌లో దాని చుట్టం 'కిల్టే' అంటే బట్టని పైకి ఎగదోపుకోవడం. పొలంలో దిగేముందు పంచె ఎగగట్టడం లేదూ, అదే. పూర్వపు కిల్ట్‌కి కుట్టే లేదు. స్కాట్లండ్ పాత భాష గేలిక్‌లో 'ఫేలే మోర్', పెద్ద చుట్టు. పొడవాటి ఉన్నిబట్టని కుచ్చిళ్ళు పోసి నడుముకి బెల్టుతో బిగించి, మిగిలింది భుజాన వేసుకునేవారు. 18వ శతాబ్దంలో కింది సగమే మిగిలింది, 'ఫేలే బెగ్'. కుట్లు ఆ తర్వాతివి.

చీరాల నుంచి: కట్టు సంగతి మాస్టారు తేల్చారు, నేత గురించి ఒక్క మాట. పైన ఫొటో కింద ఎవరో 'చారల బట్ట' అన్నారు. చారలు కాదండీ, గళ్ళు. పడుగులో (నిలువు పోగుల్లో) ఏ రంగు ఎన్ని పోగులో, పేకలోనూ (అడ్డపోగుల్లోనూ) అదే వరస. వాలునేత కాబట్టి రెండు రంగులు కలిసినచోట మూడో రంగున్నట్టు సన్నటి ఏటవాలు గీతలు కనిపిస్తాయి. మగ్గం మీద కూర్చున్నవాడికి ఆ లెక్క తప్పితే బట్టంతా పోయినట్టే.

తెనాలి నుంచి: సరే, ఒప్పుకున్నాను. ముందు వేలాడే ఆ బొచ్చుసంచీ ఏమిటి నాయనా?

ఎడిన్‌బరో నుంచి: స్పొరన్ అండీ. కిల్ట్‌కి జేబులుండవు, డబ్బులకి అదే గతి. గేలిక్‌లో ఆ మాటకి అర్థం డబ్బుసంచీ అనే.

తెనాలి నుంచి: మా తాత రొంటిన దోపుకునేవాడు, ఆయనకీ జేబులు లేవు. దీన్ని మాత్రం దోపుకోలేంగా.

వరంగల్ నుంచి: తోలుది గద. తిత్తి అనరాదుండ్రి?

ఎడిన్‌బరో నుంచి: బాగుంది. ఫొటో కింద మార్చేశాను: "కిల్ట్ కట్టుకుని, తిత్తి పెట్టుకుని." అమ్మకి మళ్ళీ పంపాను. "మోకాళ్ళకి చలెయ్యట్లేదా?" అంది.