యల్లాప్రగడ సుబ్బారావు గారి సైటేషన్లు ఎలా లెక్కపెట్టాలి?

ప్రశ్న: బయోకెమిస్ట్రీ లెక్చరర్, కాకినాడ

అందరికీ నమస్కారం. వచ్చే శనివారం మా కాలేజీలో, అమెరికాలో పనిచేసిన మన తెలుగు శాస్త్రవేత్త సుబ్బారావు గారి గురించి నేను మాట్లాడాలి. మొన్న ఫైనలియర్ అమ్మాయి ఒకతి "మేడమ్, ఆయన హెచ్-ఇండెక్స్ ఎంత?" అని అడిగింది. ఒక పేపర్‌ని వేరేవాళ్లు తమ పేపర్లలో ప్రస్తావిస్తే అది సైటేషన్; ఎన్ని పేపర్లకి కనీసం అన్నేసి సైటేషన్లు వచ్చాయో చెప్పే అంకె హెచ్-ఇండెక్స్. మంచి ప్రశ్నే కదా అని రాత్రి కూర్చుని వెతికాను. వెతికేకొద్దీ మనసు పాడైంది.

1925లో తోటి శాస్త్రవేత్త ఫిస్కేతో కలిసి, ఫాస్ఫరస్‌ని రంగుతో కొలిచే పద్ధతి మీద రాసిన పేపర్‌కి సైటేషన్లు వేలల్లో ఉన్నాయి, అది సంతోషం. కానీ మనం ఇంటిపేరు ముందు రాస్తాం కదా, అక్కడ యల్లాప్రగడ కాస్తా ఒక్క 'వై' అయి కూర్చుంది. లుకేమియా (రక్త క్యాన్సర్) దగ్గరికొస్తే మరీ బాధేసింది. 1948 జూన్‌లో అమినోప్టెరిన్ అనే మందు మీద అమెరికా డాక్టరు సిడ్నీ ఫార్బర్ బృందం రాసిన పేపర్ తెరిచాను. రచయితలు ఐదుగురు. ఈయన పేరు లేదు. ఆ మందు తయారైంది ఈయన నడిపించిన లెడర్లీ మందుల కంపెనీ పరిశోధన విభాగంలోనే! అంకెలు చూపిస్తే పిల్లలు "ఇంతేనా" అంటారేమోనని టెన్షన్‌గా ఉంది. ఏం చెప్పమంటారు?

జవాబు 1: ఎంజైముల ల్యాబ్, హైదరాబాద్

మేడమ్, హెచ్-ఇండెక్స్ 2005లో పుట్టిన కొలత. ఆయన 1948 ఆగస్టులోనే, 53 ఏళ్లకే పోయారు. ఆ అంకె పక్కన పెట్టేయండి.

నాది ఏటీపీని (కణాలకి శక్తినిచ్చే అణువు) విడగొట్టే ఎంజైముల మీద పని. ఎంత ఫాస్ఫేట్ విడుదలైందో తెలియాలంటే ఇప్పటికీ ఫిస్కే-సుబ్బారావు పద్ధతే చేస్తాను. మాలిబ్డేట్ వేసి, ఆన్సా (నీలిరంగు తెప్పించే రసాయనం) ద్రావణం కలిపి, పది నిమిషాలు ఆగాలి. ఫాస్ఫేట్ తక్కువున్న ట్యూబు తెల్లబట్టలకి పెట్టే నీలిమందు నీళ్లలా ఉంటుంది, ఎక్కువున్నది సిరా అయిపోతుంది. మొదటిసారి చేసే పిల్లలు ట్యూబులు వెలుతురుకి ఎత్తిపట్టుకుని చూస్తారు, మీకూ తెలుసుగా.

అసలు విషయం ఇక్కడుంది. కండరాల నుంచి తీసిన ద్రవంతో చేస్తే ఈ రంగు ఆలస్యంగా ముదిరేది. పద్ధతిలో తప్పుందని వదిలేయకుండా, ఎందుకలా అని వెంటపడితే 1927లో ఫాస్ఫోక్రియాటిన్ (కండరాల్లో శక్తిని దాచే పదార్థం) దొరికింది. 1929లో ఏటీపీ. అదే ఏడాది జర్మనీలో లోమన్ అనే శాస్త్రవేత్త కూడా విడిగా కనుక్కున్నాడు, అదీ చెప్పండి. అయితే ఏటీపీ గురించి రాసేవాళ్లలో 1929 పేపర్‌ని సైట్ చేసేదెవరు? నేనూ చెయ్యలేదు. ఇంటర్ పుస్తకంలోకి ఎక్కిన విషయానికి సైటేషన్ అడిగేవాళ్లుండరు. పద్ధతి పేపర్ మాత్రం, వాడిన ప్రతివాళ్లూ రాస్తారు కాబట్టి, పెరుగుతూ పోతుంది.

జవాబు 2: ఒక పాప నాన్న, గుంటూరు

నేను సైన్స్ చదువుకోలేదండీ. మా పాపకి ఆరో ఏట లుకేమియా వచ్చింది. అప్పుడు దొరికిందల్లా చదివాను. ఫార్బర్ మొదట ఫోలిక్ యాసిడ్ (ఒక బి విటమిన్) రకం మందులు ఇస్తే జబ్బు ఇంకా జోరందుకున్నట్టు కనిపించిందట. అందుకే ఫోలిక్ యాసిడ్‌కి అడ్డుపడే మందులు కావాల్సొచ్చాయి. అవి చేసి ఇచ్చింది సుబ్బారావు గారి మనుషులు. 16 మంది పిల్లలకి ఇస్తే 10 మందిలో గుణం కనిపించింది. ఆ పేపర్ పేరులోనే 'తాత్కాలిక' అనే మాట ఉంది. నెలల తరబడి ఆ ఒక్క మాట నన్ను నిద్రపోనివ్వలేదు.

దాని తర్వాత వచ్చిన మెథోట్రెక్సేట్ మా పాప రెండేళ్ల పైన వాడింది. పసుపురంగు చిన్న బిళ్లలు, వారానికి ఒక్కరోజే. రోజూ వేస్తే ప్రమాదం అని మరీమరీ చెప్పారు. మా ఆవిడ ఆదివారాలన్నిటికీ క్యాలెండర్‌లో పసుపు బొట్టు పెట్టేది. ఇప్పుడు పాప పదో తరగతి. ఆ క్యాలెండర్లన్నీ బీరువాలో ఉన్నాయి. మీ పిల్లలకి చూపించడానికి పనికొస్తాయంటే ఫొటో తీసి పంపిస్తాను.

మళ్లీ కాకినాడ లెక్చరర్

తప్పకుండా పంపండి అన్నయ్య గారూ. పాప పేరు ఎక్కడా కనబడనివ్వను. ముందు 1948 పేపర్ మొదటి పేజీ, పక్కనే మీ క్యాలెండర్ పెడతాను. హైదరాబాద్ సార్, మా ల్యాబులో ఆన్సా సీసా అడుగున కొంచెం మిగిలింది. శనివారం పొద్దున్నే తాజాగా ద్రావణం కలిపి, సైటేషన్ల మాట ఎత్తకముందే ఆ అమ్మాయి చేతే నీలిరంగు తెప్పిస్తాను.