మింట్ వేసినంక ల్యాప్‌టాప్ బూట్ అయితలేదు, డి డ్రైవ్ పోకుండా సరిచేయొచ్చా?

అందరికీ నమస్తే. మాది హన్మకొండ. కాకతీయ యూనివర్సిటీల ఎమ్మెస్సీ చదివే మా చెల్లె పాత ల్యాప్‌టాప్ ఇది. విండోస్ 10కు 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ అయిపోయిందని, నిన్న సి డ్రైవ్ తీసేసి, విండోస్ బదులు లినక్స్ మింట్ 22 అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేసిన. డి డ్రైవ్ ముట్టుకోలే. అండ్ల ఆమె ప్రాజెక్ట్ రిపోర్ట్, బాపు పొలం కాగితాల స్కాన్‌లు ఉన్నయి.

ఇన్‌స్టాల్ పూర్తయింది, పెన్‌డ్రైవ్ తీసి రీస్టార్ట్ చేస్తే నల్ల స్క్రీన్ మీద 'నో బూటబుల్ డివైస్' అని వస్తుంది. బయోస్‌ల (ల్యాప్‌టాప్ స్టార్టప్ సెట్టింగులల్ల) లెగసీకి, అంటే పాత బూట్ పద్ధతికి మార్చినా అంతే.

పెన్‌డ్రైవ్‌తోని లైవ్‌ల (ఇన్‌స్టాల్ లేకుండ పెన్‌డ్రైవ్ నుంచే నడిచే మింట్‌ల) ఎక్కి చూసిన. డి డ్రైవ్ మంచిగనే తెరుచుకుంటుంది, అదొక్కటే ధైర్యం. హార్డ్‌డిస్క్ ఎంబీఆర్ అనే పాత పార్టిషన్ పద్ధతిల ఉంది. పెన్‌డ్రైవ్‌ను రూఫస్‌ల (బూట్ పెన్‌డ్రైవ్ చేసే సాఫ్ట్‌వేర్‌ల) జీపీటీ అనే కొత్త పార్టిషన్ పద్ధతి పెట్టి చేసిన కాబట్టి అది యూఈఎఫ్ఐలనే, అంటే కొత్త బూట్ పద్ధతిలనే బూట్ అయింది. పార్టిషన్లు చేసేటప్పుడు ఈఎఫ్ఐ పార్టిషన్ (యూఈఎఫ్ఐ బూట్ ఫైళ్లు ఉండే భాగం) లేదని హెచ్చరిక వచ్చింది, నేను కంటిన్యూ కొట్టిన. తప్పు అక్కడనే జరిగిందని నా అనుమానం.

పెన్‌డ్రైవ్‌ను ఎంబీఆర్‌తో మళ్ల చేసి, లెగసీల ఎక్కి, గ్రబ్ (లినక్స్‌ను బూట్ చేసే ప్రోగ్రామ్) ఒక్కటే హార్డ్‌డిస్క్‌కు వేస్తే సరిపోతదా? లేక డిస్క్‌ను జీపీటీకి మార్చి, 512 ఎంబీ ఫ్యాట్32 ఈఎఫ్ఐ పార్టిషన్ చెయ్యాల్నా? నాకైతే మొదటిదే డేటాకు భద్రం అనిపిస్తుంది. నయీంనగర్‌ల ఒక షాపాయన మొత్తం ఫార్మాట్ కొట్టాలె అన్నడు, నాకు మనసొప్పలేదు.

రిపోర్ట్ సోమవారం ఇయ్యాలె. ఇప్పుడు లైవ్‌ల నుంచే డి డ్రైవ్ ఫైళ్లు బయటి డిస్క్‌లకు కాపీ చేస్తున్న. ఇట్ల చేసి బాగుచేసుకున్నోళ్లు ఎవరన్నా ఉంటే ఏ కమాండ్ ముందు కొట్టాల్నో చెప్పుండ్రి.