యూనిఫాం నియమం తప్పిన పిల్లోళ్లను ఏం చేయాల? బడులు తెరిచే లోపల తేల్చుకోవాల్సినవి

హంద్రీ ఒడ్డు (కర్నూలు)
జూన్ 12న బడులు తెరుస్తారు. ఆ లోపల హైస్కూలుకు యూనిఫాం నియమాల కాగితం కొత్తగా రాయాల. ఇప్పుడున్న కాగితంలో 19 నియమాలు ఉండాయి. శిక్ష దగ్గరికొచ్చేసరికి మాత్రం "తగిన చర్య తీసుకోబడును" అని ఒక్క ముక్క. దాంతో ఒక్కో టీచరు ఒక్కో దారి పట్టినారు: ఒకరు గోడకుర్చీ వేయిస్తారు, ఒకరు పది రూపాయల ఫైను, ఇంకొకరు ఇంటికి పంపిస్తారు. వీటిలో ఏది ఉంచాల, ఏది తీసేయాల, తప్పిన పిల్లోనితో వరసగా ఏమేం చేయాల? తెలిసినోళ్లు వివరంగా రాయండి.

పెన్నా గట్టు (కడప)
మూడూ తీసేయండి సార్. గోడకుర్చీ మన ఊరి శిక్షే అనుకుంటాం గానీ, జాతీయ బాలల హక్కుల కమిషన్ మార్గదర్శకాల్లో దాని వర్ణన ఉన్నదున్నట్టు ఉంది: గోడకు ఆనించి కుర్చీ మాదిరి నిలబెట్టడం, బెంచీ ఎక్కించడం, మోకాళ్ల మీద నిలబెట్టడం, బ్యాగు నెత్తిన పెట్టించడం, ఇవన్నీ శారీరక శిక్షలే. విద్యాహక్కు చట్టం 2009, 17వ సెక్షన్ శారీరక శిక్షతో పాటు మానసిక వేధింపును కూడా నిషేధించింది. కాబట్టి "చెయ్యి వేయలేదు కదా" అంటే చెల్లదు.

ఆ చట్టం 14 ఏళ్ల దాకానే, తొమ్మిది, పది తరగతులకు రాదు అనేవాళ్లు ఉంటారు. బాలల న్యాయ చట్టం 2015 ఉంది కదా. 18 నిండని బిడ్డను, తన అధీనంలో ఉన్నప్పుడు అనవసరంగా బాధపెడితే 75వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు, లేదా లక్ష రూపాయల జరిమానా, లేదా రెండూ.

జుట్టు పెరిగిందని బడిలో కత్తెర పట్టడం అసలే వద్దు. పది మందిలో చేసిన ఆ అవమానం పిల్లోడు మర్చిపోడు. ఎస్సీ, ఎస్టీ పిల్లల విషయంలో అత్యాచారాల నిరోధక చట్టం దాకా పోవచ్చు; బలవంతంగా గుండు గీయడం, మీసం తీయడం అందులో నేరాలుగా రాసి ఉన్నాయి.

ఇంటికి పంపితే ఏమవుతుంది? అమ్మానాన్న పనికి పోయి ఉంటారు, ఇంటికి తాళం. పంపింది ఆడపిల్లనైతే, ఆ బిడ్డ పొద్దున పది నుంచి సాయంత్రం దాకా యాడ ఉన్నట్టు? గేటు లోపలికి వచ్చినాక ఆ బాధ్యత బడిదే. ఫైను వేస్తే, ఇంట్లో అడగలేక మరుసటి రోజు బడే మానేస్తారు. ఇంకొకటి, "టీసీ ఇచ్చి పంపబడును" అని కూడా రాయకండి. ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా పిల్లల్ని బడి నుంచి తీసేయకూడదని విద్యాహక్కు చట్టం 16వ సెక్షన్ చెబుతుంది. జరగని బెదిరింపు కాగితం మీద ఉంటే మిగతా నియమాలను కూడా ఎవరూ లెక్కచేయరు.

కత్తెర మాస్టరు (రాయదుర్గం)
సార్, సగం తప్పులు కుట్టుమిషన్ దగ్గరే పుడతాయి. గుడ్డ సంగతి ముందు చూసుకోండి.

పాలిస్టర్ 67, కాటన్ 33 కలిసిన గుడ్డకు ఇస్త్రీ నిలుస్తుంది, తొందరగా ఆరుతుంది. కానీ చెమట పీల్చదు, మార్చిలో పిల్లోళ్లు పై బొత్తాలు ఇప్పేస్తారు. దాన్ని పొగరు అనుకోవద్దు, గుడ్డ గుణం అది. కాటన్ ఎక్కువున్నది ఒంటికి హాయి. అయితే కుట్టకముందు రాత్రంతా నీళ్లలో నానేసి నీడన ఆరబెట్టాల. లేదంటే మీటరుకు మూడు నుంచి ఐదు సెంటీమీటర్లు కుదించుకుపోయి, ఆగస్టుకల్లా ప్యాంటు చీలమండ పైకి ఎక్కుతుంది.

ప్యాంటు అడుగున రెండున్నర అంగుళాలు లోపలికి మడిపించి, చేత్తో హెమ్మింగ్ చేయించండి. నడుము వెనక కుట్టులో ఒకటిన్నర అంగుళం, అమ్మాయిల టాపుకు పక్క కుట్టుల్లో అంగుళం చొప్పున గుడ్డ వదలమనండి. సంక్రాంతి సెలవుల్లో ఇప్పి పొడిగించుకోవచ్చు. పొడిగించినాక పాత మడత గీత కనబడుతుంది, ఎంత ఉతికినా పోదు. దాన్ని మురికి అని రాసుకునే టీచర్లు ఉండారు, చెప్పి పెట్టండి.

తెల్ల చొక్కా గురించి ఒక్క మాట. మన అనంతపురం బోరునీళ్లలో చాలాచోట్ల సున్నం ఎక్కువ. సబ్బు నురగ రాదు, ఆ సబ్బు జిడ్డే నూలులో కూర్చుని చొక్కా పసుపు తిరుగుతుంది. బిళ్ల సబ్బు మాని పొడితో ఉతికి, చివరి బకెట్‌లో ఒక నిమ్మకాయ పిండితే జిడ్డు వదులుతుంది. ఆ తర్వాత నీలిమందు. కానీ కూలికి పోయే తల్లికి ఇంత తీరిక యాడిది? లేత నీలమో, సన్న గళ్లో పెట్టుకుంటే ఈ గొడవే ఉండదు.

సర్కారు బడులకు మూడు జతల గుడ్డ ఇస్తారు, కుట్టుకూలి 1 నుంచి 8 తరగతులకు మొత్తం 120, పై రెండు తరగతులకు 240. ఊళ్లో ఒక్క జత కుట్టడానికే అంతకన్నా ఎక్కువ అడుగుతారు. అందుకే మూడో గుడ్డ పెట్టెలోనే ఉండిపోతుంది.

డ్రిల్ సారు (ఆదోని)
చూసే చోటు మార్చండి సార్ మొదట. ప్రార్థన వరసలో పేరు పిలిచి పక్కకు లాగితే అదే పెద్ద శిక్ష. ఫస్ట్ పీరియడులో హాజరు వేసేటప్పుడు క్లాసు టీచరు చూసుకుని, పట్టీలో పేరు పక్కన పెన్సిల్‌తో ఒక అక్షరం వేయాల. లేనే లేకపోతే "లే". ఉతికింది ఆరకపోతే "త". పొట్టో చిరుగో అయితే "పొ". ఉండి కూడా వేసుకోకపోతే "వ".

అడిగేది విరామంలో, పక్కన ఎవరూ లేకుండా. "ఎందుకు వేసుకోలేదు" అంటే అబద్ధమే వస్తుంది. "ఎన్ని జతలుండాయి, ఇప్పుడు యాడుండాయి" అని అడగండి. నాలుగు రోజులు చూస్తే ఎవరిది ఏ అక్షరమో తేలిపోతుంది.

మొదటి మూడు అక్షరాలకు శిక్ష లేదు, సాయమే. పది చదివి పోయే పిల్లల దగ్గర పాత జతలు అడిగి తీసుకోండి. 300 మంది ఉన్న బడికి పాతిక జతలు పెట్టుకుంటే సరిపోతుంది, నడుము 22 నుంచి 30 దాకా. ఉతికి ఇస్త్రీ చేసి, నడుము పట్టీ లోపలి వైపు నంబరు వేయండి. బయటికి కనబడే గుర్తు వద్దు, పిల్లోడు చచ్చినా వేసుకోడు. "పొ" పిల్లలకు సూది, దారం, బొత్తాలు, జిప్పులు ఆఫీసులో ఉంచండి. అన్నిటికన్నా ముందు చెడేది జిప్పే.

ఈ పక్క ఇంకొకటుంది. కోసిగి, ఆలూరు, పత్తికొండ నుంచి మిరపకాయల కోతకు గుంటూరు దిక్కు సుగ్గికి (వలస కూలికి) పోయే ఇళ్లు. తిరిగొచ్చేసరికి పిల్లోనికి జత చాలదు, బూట్లు పట్టవు. వచ్చిన రోజు నుంచి నెల దాకా యూనిఫాం మాటే ఎత్తకూడదని కాగితంలోనే రాయండి. ఆ నెలలో గేటు దగ్గర ఒక్క మాట పడిందంటే ఆ పిల్లోడు మళ్లీ రాడు.

గండికోట (కడప)
ఇట్ల అందరికీ సాయమే అంటే, నియమం ఎందుకు? పదో తరగతి అబ్బాయిలు కావాలనే ప్యాంటు కాళ్లు బిగించి కుట్టించుకొస్తారు, చొక్కా బయటేస్తారు. చూసీ చూడనట్టు పోతే వారానికి క్లాసంతా అదే.

డ్రిల్ సారు (ఆదోని)
చూసీ చూడనట్టు పోమని కాదు అన్నా. "వ" పడిన వాని వెంట పడాల్సిందే, రోజూ, అందరు టీచర్లూ ఒకే తీరుగా. ఒక పీరియడులో ఊరుకుని ఇంకో పీరియడులో అరిస్తేనే పిల్లోళ్లు ఆడుకుంటారు.

వరస ఇదీ. మొదటిసారి మాట. రెండోసారి డైరీలో రాసి తల్లిదండ్రుల సంతకం. అదే నెలలో మూడోసారి అయితే ఆ రోజే ఫోను, రాత్రి ఏడు దాటినాక, పని నుంచి వచ్చి ఉంటారు. నాలుగోసారి పెద్దసారు గదిలో తల్లో తండ్రో, పిల్లోడు, క్లాసు టీచరు కలిసి పావుగంట. ఎప్పటిలోగా సరిచేసుకొస్తాడో తేదీ వేసి పిల్లోడే తన చేత్తో రాయాల. అప్పటికీ మారకపోతే వారం పాటు క్లాసు లీడరు పని, జట్టు కెప్టెన్సీ లాంటివి ఆపండి. పాఠం, పరీక్ష, మధ్యాహ్న భోజనం, ఆటల పీరియడు మాత్రం ముట్టుకోవద్దు. నెల మారగానే పెన్సిల్ అక్షరాలు చెరిపేయండి. పాత లెక్క మోస్తే "ఎట్లాగూ చెడ్డోణ్ణే" అనుకుంటాడు.

కత్తెర మాస్టరు (రాయదుర్గం)
గండికోట అన్నా, "బిగుతు ప్యాంటు వేయరాదు" అని రాస్తే ప్రతి రోజూ వాదనే. అంకె రాయండి: ఎనిమిది నుంచి పది తరగతులకు అడుగు బాటం చుట్టుకొలత 14 అంగుళాలకు తగ్గకూడదు. టేపు పెడితే తేలిపోతుంది. బిగించిన ప్యాంటులో గుడ్డ కోసేయకుండా కుట్టి ఉంటే, ఆ కుట్టు ఇప్పితే వదులవుతుంది, పది నిమిషాల పని. ముందు అది చూడండి, కొత్త ప్యాంటు కొనమనొద్దు.

చిత్రావతి (అనంతపురం)
అమ్మాయిల విషయాలు లేడీ టీచర్లే చూడాలని మొదటి లైనులో రాయండి సార్. తెల్ల ప్యాంటు ఉన్న బడులు దాన్ని ముదురు రంగుకు మార్చాలి. నెలసరి రోజుల్లో ఆ భయంతోనే పిల్లలు బడికి రారు. లేడీ టీచర్ల గదిలో నాలుగైదు ముదురు ప్యాంట్లు, ప్యాడ్లు, పిన్నీసులు ఉండాలి. అడిగి తీసుకునేలా కాదు, వెళ్లి తీసుకునేలా.

ఆషాఢంలో పెట్టుకున్న గోరింటాకు చెరగడానికి రెండు మూడు వారాలు పడుతుంది, దానికి ఎవరేం చేస్తారు? వదిలేయండి. వేలాడే కమ్మలు వద్దనడానికి మాత్రం కారణం ఉంది: కబడ్డీలో చెయ్యి తగిలితే తమ్మె చీలుతుంది. కారణం చెప్పి, తీసిన కమ్మలు పేరు రాసిన కవరులో పెట్టి సాయంత్రం గంటకు తిరిగి ఇచ్చేయాలి. బంగారం బడిలో రాత్రి ఉంచుకోకండి.

కర్నూలు పాతబస్తీ, కడప వైపు ముస్లిం అమ్మాయిలకు స్కార్ఫ్ సంగతి అడుగుతారు. కర్ణాటక బడుల హిజాబ్ కేసులో సుప్రీంకోర్టులో 2022 అక్టోబరు 13న ఇద్దరు న్యాయమూర్తులు చెరో తీర్పు చెప్పారు, విషయం ఇంకా పెద్ద ధర్మాసనానికి పోవాల్సి ఉంది. గొడవ లేని దారి, స్కార్ఫ్ రంగు చున్నీ రంగే అని ఒక వాక్యం రాసి వదిలేయడం. ఆ కాగితం ఉర్దూలో కూడా ఇస్తే ఇంట్లో చదువుకుంటారు.

జుట్టుకు కూడా కొలతే రాయండి: కనుబొమల మీద, చొక్కా కాలరు మీద పడకూడదు. కత్తిరించుకోమని చెప్పినాక ఒక ఆదివారం దాటేలా గడువు ఉండాలి. మొక్కు జుట్టు అయితే ఇంటివాళ్లు ఒక్క మాట చెప్తే చాలు.

హంద్రీ ఒడ్డు (కర్నూలు)
అందరికీ దండాలు. 19 నియమాల్లో పన్నెండు కొట్టేసినా. ఇంకా తేలనివి రెండు ఉండాయి: బూట్లు, కార్తీకంలో అయ్యప్ప మాల.

పెన్నా గట్టు (కడప)
బూట్ల కొలత ముందే తీసుకుంటే అవి చేతికొచ్చేలోపల పాదం పెరుగుతుంది. సాయంత్రం పూట కాగితం మీద పాదం గీయించి, బొటనవేలి ముందు అర అంగుళం కలిపి సైజు రాయండి. ఒంటిపూట బడులు మొదలైన రోజు నుంచి చెప్పులకు అనుమతి ఇవ్వండి. ఆ ఎండలో రెక్సిన్ బూటులో కాలు ఉడికిపోయి వేళ్ల సందున పాచి పడుతుంది.

మాలకు తల్లిదండ్రుల చీటీ ఒకటి చాలు. అందులో మాల వేసిన తేదీ, ఇరుముడి తేదీ ఉండాలి. 41 రోజుల దీక్షలో నల్లబట్టలకు, ఉత్తి కాళ్లకు ఒప్పుకోండి. ఆటల పీరియడులో మాత్రం ముళ్లు, గాజు పెంకులు లేని వైపు ఆడించమని పీఈటీకి చెప్పండి. భవానీ, హనుమాన్ మాలలకూ ఇదే చీటీ. శబరిమల నుంచి తిరిగొచ్చే తేదీని చీటీ ఇచ్చిన రోజే హాజరు పట్టీలో రాసి పెట్టుకుంటే, ఆ మరుసటి రోజు యూనిఫాం ఏదని మళ్లీ అడిగే పని ఉండదు.