ఇల్లు మారబోతున్నాం: వీధిలో మనిషికి రోజూ సంతోషం ఇచ్చేది ఏమిటి?

ప్రశ్న (రెండిళ్ల మధ్య):
రెండు ఇళ్లు చూశాం. మొదటిది కొత్త అపార్ట్‌మెంట్ల సముదాయం. లోపలే తోట, జిమ్, గేటు దగ్గర కాపలా ఉన్నాయి, ఆఫీసు మాత్రం బాగా దూరం. రెండోది పాత వీధిలో ఉంది. గదులు ఇరుకు, చెప్పుకోదగ్గ వసతి ఒక్కటీ లేదు, పనికి మాత్రం నడిచి వెళ్లిపోవచ్చు. ఇంట్లో అందరి మనసూ మొదటిదాని మీదే ఉంది. నాకు ఎటూ తేలడం లేదు. ఇంటి సంగతి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు, నేను అడిగేది చుట్టుపక్కల గురించి. మీ వీధిలో మీకు సంతోషం కలిగించేది ఏమిటి? 'మంచి మనుషులండీ' అని సరిపెట్టకుండా, వేలు పెట్టి చూపించగలిగినది చెప్పండి.

రిటైరైన పోస్ట్‌మ్యాన్:
ఇళ్ల లోపల ఎలా ఉంటాయో నన్ను అడగకండి. గుమ్మాల గురించైతే చెప్పగలను, ఉద్యోగమంతా వాటి ముందే గడిచింది.

నేను ఉత్తరాలు పంచినచోట పక్కపక్కనే రెండు వీధులు ఉండేవి. ఇళ్లు ఒకే తీరు, మనుషులూ ఒకే తరహా. మొదటి వీధిలో పార్సిల్ పట్టుకుని తాళం వేసిన ఇంటి ముందు నిలబడితే చాలు, పక్క గుమ్మంలోంచి ఎవరో ఒకరు తొంగిచూసి 'సాయంత్రానికి వస్తారు, నాకివ్వండి' అనేవారు. అలా ఇవ్వడం నిబంధనలకు విరుద్ధమని చెప్పి చెప్పి నా నోరు నొప్పి పుట్టేది. రెండో వీధిలో పక్కింటివాళ్ల పేరు అడిగితే 'ఏమో' అని తలుపు వేసేసేవారు.

తేడా మనుషుల్లో లేదు, రోడ్డులో ఉంది. రెండో వీధి రెండు పెద్ద రోడ్ల మధ్య అడ్డదారి. బండి వెనక బండి. గుమ్మంలో నిలబడి మాట్లాడితే మాట వినపడదు, పిల్లలను బయటికి వదలాలంటే భయం. ఎవరితోనైనా ముఖపరిచయం ఎక్కడ కలుగుతుంది?

నేను గుమ్మాల దగ్గర చూసినదాన్ని డొనాల్డ్ ఆపిల్‌యార్డ్ అనే పట్టణ ప్రణాళికా నిపుణుడు 1960ల చివర్లో శాన్‌ఫ్రాన్సిస్కోలో లెక్కగట్టాడు. రోజుకు సుమారు 2,000 బండ్లు తిరిగే వీధిలో ఒక్కొక్కరికి సగటున ముగ్గురు స్నేహితులు, ఆరుగురికి పైగా ముఖపరిచయస్తులు ఉన్నారు. 16,000 బండ్లు తిరిగే వీధిలో సగటున ఒక్క స్నేహితుడు కూడా లేడు, పరిచయస్తులు ముగ్గురే. 'మీది అనుకునే చోటు ఎక్కడిదాకా?' అంటే బండ్లు తక్కువ తిరిగే వీధివాళ్లు వీధంతా చూపించారు. ఎక్కువ తిరిగే వీధివాళ్లు తమ భవనం దగ్గరే ఆగిపోయారు.

అందుకని తోటనూ జిమ్‌నూ పక్కన పెట్టండి. సాయంత్రం పూట ఆ పాత వీధికి వెళ్లి చూడండి. రోడ్డు మీద నిలబడి మాట్లాడుకునే ఇద్దరు బండ్ల కోసం మాటిమాటికీ పక్కకు తప్పుకోవలసి వస్తుంటే ఆ ఇల్లు వద్దు.

రాత్రి డ్యూటీ నర్సు:
పోస్ట్‌మ్యాన్ గారి మీద గౌరవంతోనే చెబుతున్నాను, ఆ తొంగిచూసే గుమ్మాలే నాకు ప్రాణసంకటం. ఎవరొచ్చారు, ఎప్పుడు వెళ్లారు అన్నీ వాళ్లకే కావాలి. నా వరకు సంతోషమంటే నిశ్శబ్దం. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐరోపా విభాగం 2009లో రాత్రిపూట ఇళ్ల బయట చప్పుడు సగటున 40 డెసిబెల్స్ దాటకూడదని సూచించింది. పగలు పడుకునేవాళ్లను ఎవరు పట్టించుకుంటారు!

వేలు పెట్టి చూపించమన్నారు కాబట్టి ఒకటి చెబుతాను. పై వాటాలో కుర్చీ జరిపినప్పుడల్లా నా నెత్తిన గీరినట్టుండేది. మెట్ల మీద ఎదురైనప్పుడు ఆ వాటా ఆయనకు చెప్పాను. మర్నాటికల్లా కుర్చీల కాళ్లన్నిటికీ రబ్బరు తొడుగులు వేశారు. ఆ వేళ పడుకున్న నిద్ర మరి దొరకదు.

రోజూ రైల్లో:
దూరాన్ని తేలిగ్గా తీసుకోకండి. బ్రూనో ఫ్రే, అలోయిస్ స్టుట్జర్ అనే ఆర్థికవేత్తలు జర్మనీ సర్వే వివరాలు పరిశీలించి, ప్రయాణ సమయం పెరిగేకొద్దీ జీవితంపై తృప్తి తగ్గుతోందని తేల్చారు. మంచి ఇల్లు, మంచి జీతం ఆ లోటును పూడుస్తాయనుకుంటాం గానీ పూర్తిగా పూడ్చడం లేదట. నేనైతే తోటలో నడవడానికి ఓపిక మిగలని బాపతు.

రిటైరైన పోస్ట్‌మ్యాన్:
నర్సు గారూ, ఆయన ముఖం మీకు తెలిసింది కాబట్టే మెట్ల మీద ఆపి చెప్పగలిగారు. తెలియని మనిషైతే ఫిర్యాదు రాసి ఉండేవారు, ఆయన పంతానికి ఇంకో కుర్చీ కొనేవాడు.

రెండిళ్ల మధ్య:
అందరికీ ధన్యవాదాలు. పోస్ట్‌మ్యాన్ గారూ, సముదాయం లోపల బండ్లే తిరగవు కదా, మరి దాన్ని ఎలా అంచనా వేయాలి?

రిటైరైన పోస్ట్‌మ్యాన్:
బెంచీల మీద ఎవరైనా కూర్చుంటున్నారా, లేక అవి అలంకారానికేనా అన్నది చూడండి. ఉత్తరాల పెట్టెలు ఎక్కడున్నాయో కూడా చూడండి. నా పిచ్చి నాది అనుకోకండి. అమెరికాలోని ఎం.ఐ.టి. విశ్వవిద్యాలయం విద్యార్థి కుటుంబాల క్వార్టర్లలో లియోన్ ఫెస్టింగర్ అనే మనస్తత్వవేత్త, మరో ఇద్దరు కలిసి చేసి 1950లో ప్రచురించిన అధ్యయనంలో, మెట్ల దగ్గరా ఉత్తరాల పెట్టెల దగ్గరా ఉన్న వాటాలవాళ్లకే పై అంతస్తులో ఎక్కువ మంది స్నేహితులయ్యారని తేలింది. అక్కడే తీసుకుంటే మెట్ల పక్క వాటా అడగండి. నర్సు గారు మాత్రం పై అంతస్తులో చిట్టచివరిది అడగాలి.