చిరుపుస్తకాల పోటీకి కవితలు పంపాలనుకుంటున్నా, అన్నీ పంపాలా కొన్నేనా?

కొండపి పిల్ల:
అందరికీ నమస్కారం. మాది కొండపి దగ్గర పల్లె, ఇప్పుడు ఒంగోలులో ఉద్యోగం. ఒక చిన్న ప్రచురణ సంస్థ వాళ్లు ఇంతవరకు పుస్తకం రానివాళ్ల కోసం చిరుపుస్తకాల పోటీ పెట్టారు. చాప్‌బుక్ అంటారే, 24 నుంచి 32 పేజీలు, మధ్యలో పిన్ను కొట్టి ఉంటుంది, అట్టాంటిది. మూడింటిని ఎంపిక చేసి వాళ్ల ఖర్చుతోనే వేస్తారు, రాసినవాళ్లకు 25 కాపీలు ఇస్తారు. ఎంట్రీ ఫీజు 300 రూపాయలు.

నా దగ్గర 41 కవితలున్నాయి. అందులో 14 పొగాకు మీద రాసినవి. మా అమ్మ గ్రేడింగు పనికి పోయేది, ఎండాకాలం సెలవుల్లో నేనూ వెంట పోయి, ఆకు పేర్చిన మండెల పక్కనే కూర్చుని లైబ్రరీ పుస్తకాలు చదువుకునేదాన్ని, సాయంత్రానికి పుస్తకానికి కూడా ఆకు వాసనే. మిగతావి ప్రేమ, వాన, ఊరు, అన్నీ కలగలుపు. మా ఫ్రెండేమో 32 పేజీలూ నింపి పంపు, అన్ని రకాలూ రాయగలవని జడ్జీలకు తెలియాలి కదా అంటోంది. నాకేమో ఎటూ తేలడం లేదు.

ఇంకో రెండు సందేహాలు. ఆరు కవితలు ఇప్పటికే ఫేస్‌బుక్‌లో పెట్టాను, అవి పనికొస్తాయా? మండె, రెలుపు (ఆకు కోత) లాంటి మాటలు గుంటూరు దాటితే ఎంతమందికి తెలుస్తాయి, పేజీ కింద అర్థాలు ఇవ్వాలా? ఒక కవిత ఇట్టా మొదలవుతుంది:

మండె తిరగేసిన ప్రతిసారీ
ఆకు వేడి అమ్మ చేతులకో
అమ్మ చేతుల వేడి ఆకుకో

గడువు 18 రోజులే ఉంది, టెన్షన్‌గా ఉంది.

ఒంగోలు ప్రూఫు దిద్దేవాడు:
14 మాత్రమే పంపండి. చిన్న పుస్తకాలకు ప్రూఫులు దిద్దుతూ ఇన్నేళ్లలో నేను గమనించింది చెబుతున్నా, పెద్ద సంపుటిలో నాలుగు బలహీనమైన కవితలున్నా పాఠకుడు దాటేసి పోతాడు, 24 పేజీల్లో ఒక్కటి పలచగా ఉన్నా అదే కనిపిస్తుంది. అన్ని రకాలూ రాయగలరని చూపించడానికి ముందు ముందు చాలా పుస్తకాలు వేసుకోవచ్చు, దీనికి ఒకే చోటు, ఒకే పని, ఒకే అమ్మ చాలు. వరస కూడా మీ చేతిలోనే ఉంది: నాట్లు, రెలుపు, బ్యారన్ (ఆకును వేడితో ఆరబెట్టే కొట్టం) కాల్చడం, గ్రేడింగు, వేలం. ఏ కవిత ఎప్పుడు రాశారో మర్చిపోయి ఆ వరసలో ఒకసారి పేర్చి చదవండి, ఎక్కడ ఖాళీ ఉందో మీకే తెలిసిపోతుంది.

పేజీల లెక్క ముందే వేసుకోండి. పిన్ను కొట్టే పుస్తకంలో కాగితం మడత పడుతుంది కాబట్టి పేజీలు నాలుగేసి చొప్పునే పెరుగుతాయి, 24, 28, 32, అంతే. 25 అంటే కుదరదు. మీ 14లో రెండేసి పేజీలు పట్టేవి ఎన్ని?

ఇంకోటి, ఇది మీకు మరీ ముఖ్యం. ఫైలు యూనికోడ్‌లో పంపినా మన దగ్గర చాలామంది డీటీపీ వాళ్లు యూనికోడ్ కాని పాత అనూ ఫాంట్లలోకి మార్చి పేజీలు కడతారు, ఆ మార్పిడిలో పొల్లు హల్లులు పోయి పక్క అక్షరానికి ఒత్తుగా అతుక్కుంటాయి. 'బ్యారన్‌లో' అని మీరు రాస్తే 'బ్యారన్లో' అయిపోతుంది. మీకు కవితకు ఒక బ్యారన్ ఉన్నట్టుంది కదా. పీడీఎఫ్ కూడా జతచేయండి, ఎంపికైతే ప్రూఫు మీ కళ్లతో చూడకుండా ప్రింటుకు పోనివ్వొద్దు.

నెల్లూరు అక్క:
చెల్లీ, కవితల సంగతి వాళ్లు చెబుతారు, పోటీకి రచనతో పాటు సంతకం పెట్టి ఇచ్చే హామీపత్రం సంగతి నేను చెబుతా. ఇది నా సొంతం, దేనికీ అనువాదం కాదు, అనుకరణ కాదు, వేరెక్కడా పరిశీలనలో లేదు, ఇంతవరకు రాయడం మామూలే. నా మొదటి కథల పుస్తకానికి ఆ కాగితంలో చివర 'సర్వహక్కులూ ప్రచురణకర్తవే, శాశ్వతంగా' అని ఒక్క వాక్యం ఉంది, పుస్తకం వస్తోందన్న సంతోషంలో చదవకుండా సంతకం పెట్టేశా. తర్వాత ఒకరు సంకలనంలో వేసుకుంటామని కథ అడిగితే నా కథ ఇవ్వడానికి నేనే ఇంకొకరి అనుమతి అడగాల్సి వచ్చింది, ఆ అనుమతి ఇప్పటికీ రాలేదు. ఆ కథ మా నాన్న గురించి రాసింది.

అందుకని సంతకం పెట్టే ముందు చూడు. 1957 కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం హక్కు బదిలీ రాతపూర్వకంగా, సంతకంతోనే జరగాలి. ఎన్నేళ్లకో రాయకపోతే అయిదేళ్లు అనే లెక్క, ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశం వరకే. కానీ 'శాశ్వతంగా' అని రాసి ఉంటే ఈ అయిదేళ్ల రక్షణ నీకు అక్కరకు రాదు, అదే నా విషయంలో జరిగింది. ఈ చిరుపుస్తకం వేసుకునే హక్కు మాత్రమే, ఇన్నేళ్లకు, అని రాయించుకో. నిజమైన సాహిత్యాభిమానులైతే ఏమీ అనుకోరు.

ఫీజు గురించి: మన వారపత్రికల పోటీలకు ఫీజు అలవాటు లేదు కాబట్టి మనకు చివుక్కుమంటుంది, బయటి దేశాల్లో చాప్‌బుక్ పోటీలకు మామూలే, ఆ డబ్బుతోనే ప్రింటు ఖర్చు కొంత తీరుతుంది. జడ్జీలెవరో చెప్పారా, పోయినసారి వేసిన పుస్తకాలు చూపిస్తున్నారా, అవి చూసి కట్టు. ఎంపికయ్యాక ఐఎస్‌బీఎన్‌కు, అంటే పుస్తకానికిచ్చే గుర్తింపు సంఖ్యకు, ఇంత అని అడిగితే మాత్రం ఆగు, అది రాజా రామమోహన్‌రాయ్ ఏజెన్సీ ఉచితంగానే ఇస్తుంది. ఫేస్‌బుక్ పోస్టుల సంగతి వాళ్లకే మెయిల్ పెట్టి అడుగు, జవాబు దాచిపెట్టుకో. చాలా పోటీల్లో విడివిడిగా వచ్చిన కవితలకు అభ్యంతరం ఉండదు, పుస్తకంగా రాకుంటే చాలు, అయినా కొందరు ఫేస్‌బుక్‌లో పెట్టినా ప్రచురితమే అంటారు.

కందుకూరు తెలుగు మాస్టారు:
అమ్మాయ్, అర్థాలు ఇవ్వొద్దు. నువ్వు పైన రాసిన మూడు పాదాలే చాలు: తిరగేయాల్సింది, వేడెక్కేది, ఆకుతో పేర్చింది అని మండె ఎప్పుడూ చూడనివాడికి కూడా తెలుస్తోంది. కింద 'మండె: పొగాకు దొంతర' అని రాశావనుకో, పాఠకుడి కన్ను కిందికి పోయి పైకొచ్చేసరికి ఆ వేడి చల్లారిపోతుంది. రెలుపు కూడా అంతే, పాదంలో చెయ్యి కనబడితే మాట దానంతటదే తెలుస్తుంది. ముప్పై ఏళ్లు పిల్లలకు ప్రతిపదార్థాలు చెప్పించినవాణ్ణి, కవిత మీద ప్రేమ పుట్టేది అక్కడ కాదని నాకు బాగా తెలుసు.

ప్రూఫుల అబ్బాయి చెప్పినదానితో ఒక్కచోట ఏకీభవించను. పొగాకు పేరున్నవే పొగాకు కవితలు కాదు. ఆ వాన కవితల్లో ఆకు తడిసిన వాన ఏదన్నా ఉందేమో వెతుకు.

కొండపి పిల్ల:
మాస్టారూ, ఉంది! వేలం కేంద్రం బయట ట్రాక్టరు మీద బేళ్లుంటే వాన మొదలై, మా నాన్న తన చొక్కా కూడా విప్పి కప్పడం. దాన్ని వాన కవిత అనుకునే ఇన్నాళ్లూ పక్కన పెట్టాను. అది వేలం దగ్గర చివర పెట్టి చదివితే పుస్తకం అంతా వేరేగా అనిపించింది.

అక్కా, మెయిల్ పెట్టాను, ఫేస్‌బుక్‌వి ఫరవాలేదని జవాబు వచ్చింది. హక్కులు మూడేళ్లకు, ఈ పుస్తకానికే అని రాసి పంపమంటే సరే అన్నారు.

ప్రూఫులన్నా, లెక్క ఇదీ. 14లో అయిదింటికి రెండేసి పేజీలు, అంటే 19. టైటిల్, ప్రచురణ వివరాలు, అంకితం, విషయసూచిక కలిపి నాలుగు, చివర నా పరిచయం ఒకటి, సరిగ్గా 24 అయింది. ఇప్పుడు వాన కవిత ఒక పేజీ చేరి 25. ఏది తీసేయాలి?

ఒంగోలు ప్రూఫు దిద్దేవాడు:
మాస్టారి మాటే సరైనది, ఆ కవిత ఉండాల్సిందే. విషయసూచిక తీసేయండి, అన్ని కవితలూ వరసలో చదవాల్సిన పుస్తకానికి దాంతో పని లేదు. అంకితంలో అమ్మ పేరు గానీ ఇంటిపేరు గానీ ఉంటే పోటీకి పంపే ప్రతిలో ఆ పేజీ ఖాళీగా ఉంచండి, జడ్జీలకు పేర్లు తెలియకూడదని నిబంధన ఉండి ఉంటుంది. ఎంపికయ్యాక పెట్టుకోవచ్చు. ఫైలు పేరులో కూడా మీ పేరు లేకుండా చూసుకోండి.