పుట్, బట్ ఎందుకు వేరేగా పలుకుతాం? పిల్లాడికి ఏం చెప్పాలి?

అరండల్‌పేట అమ్మ, గుంటూరు

అందరికీ నమస్తే అండీ. మా బాబు ఐదు దాకా తెలుగు మీడియం, ఈ ఏడు ఆరులో ఇంగ్లీష్ మీడియంలో వేశాం. మాట్లాడటానికి భయపడడు కానీ స్పెల్లింగ్ దగ్గరకొచ్చేసరికి మొండికేస్తున్నాడు. పి-యు-టి పుట్ అయితే బి-యు-టి బుట్ అవ్వాలిగా, బట్ ఎందుకైంది అంటాడు. నిన్న ఓ-యు-జి-హెచ్ ఉన్న మాటలన్నీ వరసగా రాసి, దో లో ఓ అంట, త్రూ లో ఊ అంట, కాఫ్ లో ఆఫ్ అంట, రఫ్ లో అఫ్ అంట, ఇదేం భాషమ్మా అని పుస్తకం మూసేశాడు. క్లాసులో అడిగితే అదంతే బట్టీ పట్టు అన్నారంట. నాకైతే వాడు అడిగేది న్యాయంగానే ఉంది, మనకి గుణింతాలు, ఒత్తులు వచ్చేస్తే ఏ పేపరైనా చదివేస్తాం కదా. నిజంగా కారణాలున్నాయా, లేక అదంతేనా? కాస్త వివరంగా చెప్పండి, వాడికి చదివి వినిపిస్తా.

సత్యనారాయణపురం మాస్టారు, విజయవాడ

అమ్మా, నేను హైస్కూల్లో ఇంగ్లీష్ చెప్పి రిటైరైనవాణ్ణి. అదంతే అనే మాట పిల్లలకి చెప్పకూడదు, ఎందుకంటే అక్కడ కారణం ఉంది.

ఒకప్పుడు ఇంగ్లాండులో పుట్, బట్ రెండు మాటల్లోనూ ఉ శబ్దమే పలికేవాళ్ళు. 17వ శతాబ్దంలో దక్షిణ ఇంగ్లాండు వాళ్ళ నోట్లో ఆ ఉ చాలా మాటల్లో అ వైపు జారింది, బట్, కట్, కప్ అలా వచ్చినవే. ప, బ, ఫ లాంటి పెదాలు కలిపే శబ్దాల తర్వాత మాత్రం కొన్ని మాటల్లో పాత ఉ నిలబడిపోయింది, పుట్, పుల్, పుష్, ఫుల్, బుల్, బుష్ చూడండి. అన్నిట్లో నిలవలేదు, బట్ కూడా బ తోనే కదా మొదలయ్యేది, కాబట్టి దీన్ని రూలు అనను. కానీ ఉత్తర ఇంగ్లాండులో, లీడ్స్, మాంచెస్టర్ వైపు ఇప్పటికీ చాలామంది ఆ రెండిట్లోనూ ఉ నే పలుకుతారు. మీ వాడు బుట్ అంటే అక్కడ ఎవరూ వింతగా చూడరు, ఈ సంగతి వాడికి తప్పకుండా చెప్పండి.

ఇక జి-హెచ్. అది ఒకప్పుడు గొంతులోంచి వచ్చే ఖ్ లాంటి శబ్దం. రాత్రిని జర్మన్లు ఇప్పటికీ నాఖ్ట్ అంటారు, ఇంగ్లీషువాళ్ళ నైట్ దాని చుట్టమే, వీళ్ళ నోట్లో ఆ ఖ్ పోయింది, రాతలో జి-హెచ్ మిగిలింది. కొన్ని మాటల్లో పూర్తిగా పోయింది, కొన్నిట్లో ఫ్ అయింది, అందుకే దో అలా, రఫ్ ఇలా. మోకాలిని ఇంగ్లీషులో కె-ఎన్-ఇ-ఇ అని రాసి నీ అంటారు, జర్మన్లు క్నీ అని కె పలుకుతారు, ఇంగ్లీషువాళ్ళూ పలికేవాళ్ళే, తర్వాత మానేశారు. మరి రాత ఎందుకు మార్చలేదంటారా, 1476లో కాక్స్‌టన్ ఇంగ్లాండుకి అచ్చుయంత్రం తెచ్చాడు, ఆ తర్వాత రెండొందల ఏళ్ళలో స్పెల్లింగులు దాదాపు కుదురుకున్నాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే జనం ఉచ్చారణ, ముఖ్యంగా దీర్ఘాలు, బాగా మారిపోతూ ఉంది. రాత ఆగిపోయింది, నోరు ముందుకెళ్ళిపోయింది.

కృష్ణలంక కుర్రాడు

మాస్టారు చెప్పిందానికి ఒకటి కలుపుతా అక్కా. అమెరికాలో 1925 నుంచి స్పెల్లింగ్ బీ అని పిల్లలు స్పెల్లింగులు చెప్పే పోటీ పెడుతున్నారు, మన తెలుగు పిల్లలు కూడా బాగా రాణిస్తున్నారు. వీడియోలు చూడండి, స్పెల్లింగ్ చెప్పమని ఒక పదం ఇవ్వగానే పిల్లలు అడిగే ప్రశ్నల్లో ముఖ్యమైంది ఇది ఏ భాష నుంచి వచ్చింది అని. అది తెలిస్తే సగం స్పెల్లింగ్ వచ్చినట్టే. సి-హెచ్ చూడండి, చైల్డ్ అచ్చ ఇంగ్లీషు మాట కాబట్టి చ, స్కూల్, కెమిస్ట్రీ మూలం గ్రీకు కాబట్టి క, మెషీన్ ఫ్రెంచి కాబట్టి ష. ఇంకో తమాషా, చీఫ్, షెఫ్ రెండూ ఒకే ఫ్రెంచి మాట, ముందు తెచ్చుకున్నప్పుడు ఫ్రెంచివాళ్ళే చ అనేవాళ్ళు, చాలాకాలానికి మళ్ళీ తెచ్చుకునేసరికి వాళ్ళు ష అంటున్నారు. మీ బాబుకి ఒక నోట్‌బుక్ కొనిచ్చి క, చ, ష అని మూడు పేజీలు పెట్టించండి, ఏ మాట ఏ పేజీలోకి వెళ్తుందో వాడే రాసుకుంటాడు, బట్టీ కంటే వందరెట్లు మేలు.

కొరిటెపాడు నుంచి

అన్నీ చరిత్ర అనుకుంటే పొరపాటు తమ్ముడూ, కొన్ని పండితులు కావాలని దూర్చినవి. అప్పుని డి-ఇ-బి-టి డెట్ అంటారు కదా, అందులో బి ఎవరూ పలికింది కాదు, ఫ్రెంచి నుంచి బి లేకుండానే వచ్చింది, లాటిన్ డెబిటుమ్ గుర్తుకు రావాలని చదువుకున్నవాళ్ళు తర్వాత పెట్టారు. ఐలండ్ లో ఎస్ ఇంకా అన్యాయం, అది అచ్చ ఇంగ్లీషు మాట, ఐల్ అనే ఫ్రెంచి మాటకి సంబంధించిందనుకుని ఎస్ తగిలించారు, అసలు ఆ రెండిటికీ సంబంధమే లేదు. అమెరికాలో వెబ్‌స్టర్ 1828 డిక్షనరీలో కలర్ లో యు తీసేస్తే జనం ఒప్పుకున్నారు కానీ టంగ్ ని టి-యు-ఎన్-జి అని రాయమంటే ఒప్పుకోలేదు.

మేడమ్, పలకని అక్షరానికి పనికొచ్చే కిటుకు ఒకటుంది, ఆ మాట చుట్టాన్ని వెతకాలి. సైన్ లో జి పలకదు, సిగ్నేచర్ లో పలుకుతుంది. బాంబ్ లో చివరి బి పలకదు, బంబార్డ్ లో పలుకుతుంది. డెట్ లో బి మర్చిపోతే డెబిట్ కార్డు గుర్తు చేసుకోమనండి.

అరండల్‌పేట అమ్మ, గుంటూరు

అందరికీ చాలా థాంక్స్ అండీ. చదివి వినిపించా, లీడ్స్ వాళ్ళ సంగతికి ఎగిరి గంతేశాడు. ఇప్పుడు వాడి కొత్త ప్రశ్న, తెలుగులో మాత్రం రాసింది రాసినట్టే పలుకుతామా అని. మాస్టారూ, పలుకుతాం అని చెప్పేయనా?

సత్యనారాయణపురం మాస్టారు, విజయవాడ

చాలావరకు పలుకుతాం, పూర్తిగా కాదమ్మా. చాప, చాణక్యుడు రెండూ పైకి అనిపించండి. చాపలో చ పళ్ళ దగ్గర పలుకుతుంది, చాణక్యుడిలో వెనక్కి వెళ్తుంది, అక్షరం మాత్రం ఒకటే. జామ, జాతి కూడా అంతే. మొదటివి మన తెలుగు మాటలు, రెండోవి సంస్కృతం నుంచి వచ్చినవి, అంటే ఇక్కడా మాట ఎక్కడిదన్నదే తేలుస్తోంది. తెలుగులో దీనికి వేరే అక్షరాలు కూడా ఉన్నాయి, ౘ, ౙ అని పైన చిన్న గుర్తుతో, వాడకంలో పోయాయి. బెజవాడని ఇంగ్లీషువాళ్ళు జె తో కాకుండా జెడ్ పెట్టి రాశారు, బాబుని ఆ ఊరి పేరు పలికి చూడమనండి, ఎందుకు రాశారో వాడే చెప్తాడు.