ఎన్‌ఎంఎంఎస్ క్లాసుకి స్క్రీనింగ్ పెట్టొచ్చా?

పల్లెబడి:
మేం కొందరం కలిసి ఆదివారాలు సర్కారు బళ్లలో ఎనిమిది చదివే పిల్లలకి ఎన్‌ఎంఎంఎస్ (చదువులో ముందుండే పేదింటి పిల్లలకి కేంద్రం ఇచ్చే స్కాలర్‌షిప్) పరీక్షకి ఉచితంగా చెబుతున్నాం. ఈసారి 94 మంది వచ్చారు. చెప్పేవాళ్లం ముగ్గురం, గది ఒక్కటే. స్క్రీనింగ్ టెస్ట్ పెట్టి 40 మందిని తీసుకుందామని మాలో సగం మంది, వద్దని సగం మంది. మీరేమంటారు?

లెక్కల_మాస్టారు:
పెట్టాల్సిందే. మా మండలంలో 11 ఏళ్లుగా నేను చేస్తున్నది ఇదే పని. మ్యాట్‌లో, అంటే ఆలోచనాశక్తి పేపరులో, 90 ప్రశ్నలు; శాట్‌లో, అంటే బడి పాఠాల పేపరులో, 90. ఒక్కో పేపరుకి గంటన్నర, అంటే ప్రశ్నకి నిమిషం. ఆ వేగం రావాలంటే పిల్లాడి పక్కన కూర్చుని ఎక్కడ తడబడుతున్నాడో చూడాలి. 94 మందితో అది కుదరదు. నెగ్గితే ఏడాదికి 12,000 చొప్పున తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా 48,000 వస్తుంది. నెగ్గగల పిల్లాడికి టైమివ్వకపోతే ఆ ఇంటికి అన్యాయం చేసినట్టే.

అంగన్‌వాడీ_అక్క:
ఈ పరీక్ష రాయాలంటేనే ఏడులో 55 శాతం మార్కులు రావాలి కదా మాస్టారూ, ఎస్సీ ఎస్టీలకైతే 50. ఒక జల్లెడ ప్రభుత్వమే పట్టింది. మళ్లీ మనదొకటా? మా వాణ్ని ఇలాంటి క్లాసులోనే రెండు మార్కులు తగ్గాయని వద్దన్నారు. వాడి స్నేహితుడు లోపల, వీడు బయట మెట్ల మీద. కిటికీలోంచి వినబడ్డ లెక్కలు నోట్సులో ఎక్కించుకునేవాడు. మూడో వారం ఇక వెళ్లనన్నాడు.

సైకిల్_సవారీ:
పొద్దున ఒక బ్యాచ్, సాయంత్రం ఒక బ్యాచ్ పెట్టండి.

పల్లెబడి:
సాయంత్రం గది ఇవ్వరండీ. అడిగి చూశాం.

లెక్కల_మాస్టారు:
అక్కా, మీ బాబు సంగతి చదివితే బాధేసింది. కానీ ఒక్కరి బాధ చూసి పద్ధతి మార్చలేం. ఒక ఏడాది అందరినీ కూర్చోబెట్టాను, 9 మంది సెలెక్టయ్యారు. తర్వాతి ఏడాది స్క్రీనింగ్ పెడితే 17 మంది. ఇంతకంటే ఏం చెప్పాలి?

అంగన్‌వాడీ_అక్క:
ఆ 17 మందిలో ఎంతమంది ఖాతాలో డబ్బు పడింది?

లెక్కల_మాస్టారు:
అది బడివాళ్ల పని. నా పని చదువు చెప్పడం.

అంగన్‌వాడీ_అక్క:
నా గోడు అక్కడే మాస్టారూ! మా వీధిలో అమ్మాయి సెలెక్టయింది. క్లాసు చెప్పినవాళ్లు ఫ్లెక్సీ వేయించి, శాలువా కప్పి ఫొటో తీశారు. బడి రికార్డులో ఇంటిపేరు పూర్తిగా ఉంది, ఆధార్‌లో పొడి అక్షరమే. నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో దరఖాస్తు ముందుకు కదల్లేదు. వాళ్ల నాన్న మూడు రోజులు పని మానుకుని తిరిగాడు, ఈలోగా గడువు దాటింది. ఈ పరీక్ష ఎనిమిదిలోనే, మళ్లీ రాసే వీల్లేదు. ఫ్లెక్సీ వేసినవాళ్లు ఒక్కరూ ఆ గడప తొక్కలేదు.

లెక్కల_మాస్టారు:
11 ఏళ్లు ఆదివారాలు ఇంట్లో లేకుండా చెప్పినవాణ్ని. ఫ్లెక్సీ కోసం చేశానంటారా?

అంగన్‌వాడీ_అక్క:
మిమ్మల్ని అనలేదు. సెలెక్షన్ లిస్టు రాగానే పని అయిపోయిందనుకోవడాన్ని అన్నాను.

గుమాస్తా:
ఒక మాట. సెలెక్టయిన పిల్లల దరఖాస్తు ముందు బడిలో, తర్వాత జిల్లా స్థాయిలో వెరిఫై కావాలి. ఖాతాకి ఆధార్ లింకు ఉండాలి. ఏటా రెన్యువల్ చేయించాలి. ఇంటర్‌లో కొనసాగాలంటే పదిలో 60 శాతం రావాలి, ఎస్సీ ఎస్టీలకి 5 శాతం సడలింపు. నా చేతుల మీదుగా వెళ్లిన కాగితాల్లో ఎక్కువ ఆగింది పేరు తేడా దగ్గరే.

పల్లెబడి:
ఇది చదివాక మా పాత లిస్టు తీసి 12 ఇళ్లకి ఫోన్ చేశాను. నలుగురికి రెండో ఏడాది డబ్బు రాలేదు. రెన్యువల్ చేయించాలని ఎవరూ చెప్పలేదన్నారు. చెప్పాల్సిన వాళ్లలో మేమూ ఉన్నాం.

లెక్కల_మాస్టారు:
స్క్రీనింగ్ మీద నా మాట మారదు. నా 17 మందికీ రేపటి నుంచి ఫోన్ చేస్తాను. అక్కా, ఆ అమ్మాయి చదువుతోందా?

అంగన్‌వాడీ_అక్క:
పది చదువుతోంది. సెలవుల్లో వాళ్లమ్మతో కూలికెళ్తుంది.

పల్లెబడి:
వచ్చే ఆదివారం 94 మందినీ ఆధార్, స్టడీ సర్టిఫికెట్ తెమ్మన్నాం. ఆ రోజు క్లాసు లేదు, పేర్లు సరిచూడటమే. 40 మందా, అందరా అన్నది ఇంకా తేలలేదు.